ఒకే ఒరలో రెండు డేటాబేసులు

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మలక్‌పేటలోని ఒక కాలనీ గ్రంథాలయం నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ గ్రంథాలయ కార్యదర్శి పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరమూ ఆయనను సార్ అనే పిలుస్తాం. పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు, ఎవరు ఏ పుస్తకం తీసుకువెళ్లారన్న లెక్క చూసుకునే ఒక చిన్న ఓపెన్ సోర్స్ అప్లికేషన్‌ను డెబియన్ అనే లినక్స్ పంపిణీ పద్ధతిలో ప్యాకేజీగా (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధమైన కట్టగా) కట్టి, ముందు రోజు రాత్రే ఆయనకు పంపాను. ఆయన దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చొని, తెర మీద కనిపించినదాన్ని చదివి వినిపించారు.

"ఏవో ప్యాకేజీలు తీసేస్తనని పెద్ద లిస్టు చూపిస్తుంది బిడ్డా. అండ్ల మైఎస్‌క్యూఎల్ సర్వర్ అని కూడా ఉంది. వై కొట్టమంటవా?"

"వద్దు సార్, ఎన్ కొట్టండి. నేను సాయంత్రం వస్తాను" అన్నాను గానీ, ఆయన ఎన్ కొట్టానని చెప్పేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఆ కంప్యూటర్ ఉబుంటు 22.04 అనే మరో లినక్స్ పంపిణీ మీద నడుస్తోంది. అందులోని డేటాబేసు సర్వర్ అయిన మైఎస్‌క్యూఎల్ 8.0 లోనే కాలనీ సంక్షేమ సంఘం వారి మెయింటెనెన్సు వసూళ్ల ఖాతా కూడా ఉంది. నేను కట్టిన ప్యాకేజీ తనకు మరియాడీబీ అనే వేరే డేటాబేసు సర్వర్ తప్పనిసరి అని పట్టుబట్టింది. ఆ రెండు సర్వర్లు ఒకే యంత్రంలో ఇమడవు కాబట్టి, కొత్తదానికి చోటు ఇవ్వడానికి పాతదాన్ని తీసివేస్తానని, ప్యాకేజీలను ఎక్కించే, తీసేసే ఆప్ట్ అనే ప్రోగ్రాం వినయంగా అడిగింది. వై కొట్టి ఉంటే మైఎస్‌క్యూఎల్ పోయి దాని స్థానంలోకి మరియాడీబీ వచ్చేది. కానీ 8.0 తన డేటా డిక్షనరీని, అంటే ఏ పట్టిక ఎలా ఉందో చెప్పే చిట్టాను, దాచుకునే తీరే వేరు కనుక, ఆ డేటా ఫోల్డరును మరియాడీబీ తెరిచి చదవలేదు. ఫైళ్లు డిస్కులోనే ఉన్నా, ఖాతా తెరుచుకోక సంఘం వాళ్లు సోమవారం ఉదయం సార్ ఇంటి ముందు నిలబడి ఉండేవారు.

తప్పు పూర్తిగా నాదే. ప్యాకేజీకి ఏవి కావాలో, దేనితో పడదో చెప్పే కంట్రోల్ ఫైలులో, తప్పనిసరిగా కావలసినవి రాసే డిపెండ్స్ అన్న చోట నేను మరియాడీబీ-సర్వర్ అని నేరుగా రాశాను. పైగా జాగ్రత్త పడుతున్నాననుకొని, పడనివాటిని రాసే కాన్‌ఫ్లిక్ట్స్ అన్న చోట మైఎస్‌క్యూఎల్-సర్వర్ అని కూడా చేర్చాను. నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 ఉంది, దాని స్టేబుల్ విడుదలలో మైఎస్‌క్యూఎల్ సర్వర్ అసలు లేనే లేదు, అందుచేత నా దగ్గర ఈ రెండు వరుసల వల్ల ఏ ఇబ్బందీ కనిపించలేదు. మన ఇంట్లో లేని మనిషితో పడదని కాగితం రాసి ఇవ్వడం ఎంత తేలికో, ఇదీ అంతే తేలిక.

ఈ రెండు డేటాబేసుల సంగతి తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. మైఎస్‌క్యూఎల్‌ను మొదలుపెట్టినవారిలో ఒకరైన మైకేల్ వైడెనియస్ తన పెద్ద కూతురు మై పేరును దానికి పెట్టారు. 2008లో ఆ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఆ కొనుగోలు వార్త బయటికి వచ్చిన 2009లోనే వైడెనియస్ అదే కోడు నుంచి మరో శాఖను చీల్చి, దానికి చిన్న కూతురు మరియా పేరు పెట్టారు. కాబట్టి ఇవి నిజంగానే అక్కాచెల్లెళ్లు. మొదట్లో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా అప్లికేషన్‌కు తేడా తెలిసేది కాదు. భద్రతా లోపాల వివరాలను ఒరాకిల్ బయటపెట్టే తీరుతో డెబియన్ భద్రతా బృందానికి పొసగకపోవడం వంటి కారణాల వల్ల, 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి అక్కడ మరియాడీబీ డిఫాల్టు అయింది. ఉబుంటు మాత్రం మైఎస్‌క్యూఎల్‌నే డిఫాల్టుగా ఉంచుకున్నది. డెబియన్ నుంచే పుట్టిన ఉబుంటులో అదే కంట్రోల్ ఫైలు వేరే అర్థం ఇవ్వడానికి మూలం ఇదే.

విడిపోయినా ఈ అక్కాచెల్లెళ్లు పుట్టింటి సామాను పంచుకోలేదు. ఇద్దరికీ డేటా ఫోల్డరు ఒకటే, అదే యంత్రంలోని ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే సాకెట్ ఫైలు ఒకటే, నెట్‌వర్క్ పోర్టు 3306 ఒకటే, మైఎస్‌క్యూఎల్ అనే క్లయింట్ కమాండ్ పేరు కూడా ఒకటే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందువల్ల ఆ రెండు సర్వర్ ప్యాకేజీలూ ఒకదానితో ఒకటి పడదని తమ కంట్రోల్ ఫైళ్లలో తామే చెప్పుకుంటాయి, అది న్యాయమే. నా గ్రంథాలయ అప్లికేషన్‌కు మాత్రం మైఎస్‌క్యూఎల్‌తో ఏ ఫైలు దగ్గరా పేచీ లేదు. దాన్ని ఒక్కసారైనా ప్రయత్నించి చూడకుండానే నేను కాన్‌ఫ్లిక్ట్స్ అని రాశాను. డెబియన్ నియమావళి ప్రకారం కాన్‌ఫ్లిక్ట్స్ చాలా గట్టి మాట: రెండు ప్యాకేజీలు ఒకే సమయంలో డిస్కు మీద విప్పి ఉండటానికి కూడా వీల్లేదని అర్థం. బ్రేక్స్ అంత కటువు కాదు, కొత్తది విప్పుకోవచ్చు గానీ పాతదాన్ని కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉంచకూడదంటుంది. రీప్లేసెస్ అన్నది, ఒంటరిగా వాడితే, ఫలానా ప్యాకేజీకి చెందిన ఫైళ్ల మీద నా ఫైళ్లు రాసుకోవడానికి అనుమతి కోరడం మాత్రమే. ఈ మూడింటినీ కలగలిపి వాడే ప్యాకేజీలు చాలా చూశాను, నేను కట్టినవి కూడా అందులో ఉన్నాయి.

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేటకు మెట్రోలో వెళ్తూ, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని కంట్రోల్ ఫైలును తెరిచాను. కాన్‌ఫ్లిక్ట్స్ వరుసను మొత్తంగా తీసేశాను. డిపెండ్స్‌లో మరియాడీబీ పేరు తీసి, దాని చోట డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్, ఒక నిలువు గీత, వర్చువల్-మైఎస్‌క్యూఎల్-సర్వర్ అని రాశాను. నిలువు గీత అంటే లేదా అని అర్థం. మొదటిది నిజంగా ఉన్న ప్యాకేజీ: ఆ పంపిణీలో ఏది డిఫాల్టో దాన్ని తెచ్చిపెడుతుంది, డెబియన్‌లో మరియాడీబీని, ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌ను. రెండోది ఊరికే ఒక పేరు. ఆ పనికి మేమున్నామని ఏ సర్వర్ ప్యాకేజీ అయినా ప్రొవైడ్స్ అన్న చోట ఆ పేరును చెప్పుకోవచ్చు. ఈ వరుసలో క్రమం ముఖ్యం. రెండింటిలో ఏదీ యంత్రంలో లేకపోతే ఆప్ట్ మొదటిదాన్నే తెస్తుంది. ముందుగానే ఏదో ఒకటి ఉంటే దానితోనే సరిపెట్టుకుంటుంది. వర్చువల్ పేరు ముందు పెడితే దాన్ని తీర్చగల ప్యాకేజీల్లో దేన్ని ఎంచుకుంటుందో ముందుగా చెప్పలేం, కాబట్టి నిజమైన ప్యాకేజీని ముందు రాయాలన్నది డెబియన్‌లో స్థిరపడిన పద్ధతి.

ఒక ప్యాకేజీని దాని ఆధారాలన్నీ తీర్చి ఇన్‌స్టాల్ చేయగలమా లేదా అన్న ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి, అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా పరిష్కరించే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకని సమస్యల తరగతికి, చెందినదని 2006లో ఎడాస్ అనే యూరోపియన్ పరిశోధన ప్రాజెక్టులోని వారు నిరూపించారు. అంటే ఆప్ట్ చేసేది నిజంగా కష్టమైన పనే. మనం రాసిన ఒక్క అనవసరమైన కాన్‌ఫ్లిక్ట్స్ దానికి ఉన్న దారుల్లో ఒకదాన్ని మూసేస్తుంది. మిగిలిన దారి పక్కింటి ప్యాకేజీని కూల్చేదైనా సరే, అది లెక్క ప్రకారం సరైన జవాబే కాబట్టి మన ముందు పెడుతుంది.

మలక్‌పేట స్టేషన్‌లో దిగేసరికి ప్యాకేజీ మళ్లీ కట్టడం పూర్తయింది. ఇప్పుడు ఆప్ట్ దేన్నీ తీసివేస్తాననలేదు. సార్ చేతులు కట్టుకొని వెనక నిలబడి చూస్తుండగా ఇన్‌స్టాల్ మొదలైంది, సగం దాకా నడిచి, పట్టికలు సృష్టించే చోట, ఆదేశం రాసిన తీరు తప్పని చెప్పే 1064 నంబరు లోపంతో ఆగిపోయింది. డిపెండెన్సీ గొడవ తీరిందనుకున్నాను గానీ, నిజానికి అది కంట్రోల్ ఫైలులోంచి లేచి, డేటాబేసు ఆదేశాలుండే ఎస్‌క్యూఎల్ ఫైలులోకి వచ్చి కూర్చున్నది. ఈ అనుభవం తరువాత డిపెండెన్సీ వరుసను నేను చూసే తీరే మారిపోయింది. ఈ సర్వర్ అయినా ఆ సర్వర్ అయినా ఫరవాలేదని రాయడం మన తరఫున ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టడమే. నేను మెట్రోలో కూర్చొని, మైఎస్‌క్యూఎల్ మీద ఒక్క పట్టికైనా సృష్టించి చూడకుండా ఆ సంతకం పెట్టేశాను.

ఆగిపోయిన చోటు చూస్తే, సభ్యులను విద్యార్థులు, పెద్దలు, జీవిత సభ్యులు అని విడదీసే ఒక పట్టిక ఉంది, దాని పేరు గ్రూప్స్. మైఎస్‌క్యూఎల్ 8.0లో విండో ఫంక్షన్లను చేర్చినప్పుడు గ్రూప్స్ అన్న మాటను సర్వర్ సొంత వాడుకకు రిజర్వు చేశారు. అప్పటి నుంచి ఆ పేరుతో పట్టిక కావాలంటే బ్యాక్‌టిక్ గుర్తుల మధ్య పెట్టాలి. మరియాడీబీలో ఆ నిర్బంధం లేదు. అప్లికేషన్ రచయిత మొదటి నుంచీ మరియాడీబీ మీదనే రాశారు, నేనూ మరియాడీబీ మీదనే ప్యాకేజీ కట్టాను, మా ఇద్దరికీ ఈ లోపం కనపడే అవకాశమే లేదు. పట్టిక పేరు మార్చడం శుభ్రమైన పరిష్కారం. కానీ అలా చేస్తే ఇప్పటికే వాడుతున్న ప్రతిచోటా పాత పట్టికను కొత్త పేరులోకి తరలించే స్క్రిప్టు రాయాలి, ఆ నిర్ణయం ప్యాకేజీ కట్టేవాడు ఒంటరిగా తీసుకోదగినది కాదు. అందుకని నలభైకి పైగా చోట్ల బ్యాక్‌టిక్‌లు చేర్చి, ఒక ప్యాచ్‌గా డెబియన్ ఫోల్డరులో పెట్టి, దానినే రచయితకు కూడా పంపాను. వారం తిరగకుండా ఆయన దాన్ని కలుపుకున్నారు. అంతవరకు అది నా మెడలో ఉన్న పలుపే. ఇలాంటి ప్యాచ్‌ను మన దగ్గరే ఉంచేసుకుంటే, ప్రతి కొత్త విడుదలకూ మళ్లీ అతికించుకుంటూ బతకాలి.

దీనికంటే నాకు ఎక్కువ నచ్చిన తప్పు వెర్షన్ తనిఖీలో దొరికింది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు సర్వర్‌ను నీ వెర్షన్ ఎంత అని అడిగి, వచ్చిన జవాబు 10.1 కంటే తక్కువైతే ముందుకు పోనని ఆగిపోవాలి. ఆ పోలికను, అప్లికేషన్ రాసిన పీహెచ్‌పీ భాషలో మామూలు అసమానతా గుర్తుతో రాశారు. డెబియన్ 12లో సర్వర్ చెప్పే జవాబు 10.11 తో మొదలవుతుంది, దాని తరువాత మరియాడీబీ అన్న మాట కూడా ఉంటుంది. అది శుద్ధ సంఖ్య కాదు కాబట్టి పీహెచ్‌పీ దాన్ని అక్షరాల వరుసగా పోలుస్తుంది. ఉబుంటులోని మైఎస్‌క్యూఎల్ జవాబు 8 తో మొదలవుతుంది. అక్షర క్రమంలో 8 అన్నది 1 తరువాత వస్తుంది కాబట్టి అదీ పాసయింది. అదే లెక్కన ఎప్పుడో మూలపడిన మైఎస్‌క్యూఎల్ 5.5 కూడా పాసవుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, వచ్చినవాళ్లందరికీ సలాము కొట్టి లోపలికి పంపుతున్నాడు.

నేను గొప్ప పని చేస్తున్నాననుకొని ఆ పోలికను తీసి, వెర్షన్లను పోల్చడానికే ఉన్న పీహెచ్‌పీ ఫంక్షన్ పెట్టాను. తక్షణమే సార్ కంప్యూటర్‌లోని మైఎస్‌క్యూఎల్ 8.0 గేటు బయట నిలబడిపోయింది, ఎందుకంటే ఇప్పుడు 8 నిజంగానే 10.1 కంటే చిన్నది. రెండు శాఖలూ 5.5 వరకు ఒకే వరుసలో నడిచి, ఆ తరువాత మరియాడీబీ 10 అనీ, మైఎస్‌క్యూఎల్ 5.6, 5.7, 8.0 అనీ వేరువేరు దారుల్లో పోయాయి. ఒకదాని అంకెను ఇంకొకదాని అంకెతో పోల్చడం అంటే ఫసలీ సంవత్సరాన్ని శాలివాహన శకంతో పోల్చడమే. ముందు ఎదుట ఉన్నది ఎవరో తెలుసుకొని, తరువాత వారి లెక్కలో వారికి తగిన కనీస వెర్షన్ అడగాలి. ఈ అయోమయం మరియాడీబీ వాళ్లకూ తప్పలేదు. పాత మైఎస్‌క్యూఎల్ రెప్లికాలు (మరో సర్వర్ డేటాకు నకలు ఉంచుకునే సర్వర్లు) వెర్షన్‌లో మొదటి అంకెను మాత్రమే చూసేవి కాబట్టి, 10 ని 1 అని చదివి తిరస్కరించకుండా ఉండేందుకు, మరియాడీబీ 10 చాలా ఏళ్లపాటు కనెక్షన్ మొదట్లో తన వెర్షన్‌కు ముందు 5.5.5 అని తగిలించి చెప్పుకునేది.

కంట్రోల్ ఫైలులో కూడా ఇదే ఉచ్చు ఉంది. మైఎస్‌క్యూఎల్-సర్వర్ 8.0 లేదా ఆపైన అని షరతు పెట్టి, ఇక నిశ్చింత అనుకునేవారున్నారు. డెబియన్‌లో మరియాడీబీ ప్యాకేజీల వెర్షన్‌కు ముందు 1 అన్న ఎపాక్ అంకె ఉంటుంది. ఎపాక్ ఉన్న వెర్షన్, ఎపాక్ లేని ఏ వెర్షన్ కంటే అయినా పెద్దదే. కాబట్టి ఒక కుటుంబం కోసం రాసిన షరతు రెండో కుటుంబం ముందు ఏ అర్థమూ ఇవ్వదు.

ఇక తెలుగు సంగతి. ఈ అప్లికేషన్‌లో పుస్తకాల పేర్లు తెలుగులో ఉంటాయి, పట్టికల అక్షర సముదాయం, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, యూటీఎఫ్8 అని రాసి ఉంది. మైఎస్‌క్యూఎల్ కుటుంబంలో ఆ పేరు ఒక మోసం: అది ఒక్కో అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లు మాత్రమే ఇచ్చే పాత రూపం, పూర్తి యూటీఎఫ్-8 కావాలంటే యూటీఎఫ్8ఎంబీ4 అని అడగాలి. యూనికోడ్‌లో తెలుగు గుర్తులన్నీ ఒక్కొక్కటి సరిగ్గా 3 బైట్లలో ఇమిడిపోతాయి. గ్రంథాలయం అన్న మాటలో గ, పొల్లు, ర, సున్న, థ, దీర్ఘం, ల, య, సున్న కలిసి 9 గుర్తులు, 27 బైట్లు. అందుచేత తెలుగు వాడినంతకాలం ఎవరికీ ఏ లోపమూ తెలియలేదు. తమిళమో చైనీసో వాడినా తెలిసేది కాదేమో. సార్ మనవరాలు ఒక పుస్తకం మీద అభిప్రాయం రాసి చివర నవ్వు బొమ్మ పెట్టిన రోజున తెలిసింది, ఎందుకంటే ఎమోజీకి 4 బైట్లు కావాలి. సర్వర్ ఆ వాక్యం మొత్తాన్నీ నిరాకరించింది.

కాబట్టి పట్టికలను యూటీఎఫ్8ఎంబీ4కు మార్చే అప్‌గ్రేడ్ స్క్రిప్టు రాశాను. అది నా ల్యాప్‌టాప్‌లో నడిచింది, సార్ దగ్గర 1071 లోపంతో ఆగింది: ఇండెక్సు కీ చాలా పొడవు, హద్దు 767 బైట్లు. లెక్క ఇలా ఉంది. పుస్తకం పేరు 255 గుర్తుల నిలువు వరుస, దాని మీద ఇండెక్సు ఉంది. 255ను 3 తో గుణిస్తే 765, హద్దుకు రెండు బైట్లు ఇవతల. అదే 4 తో గుణిస్తే 1020, హద్దు దాటేసింది. పాత అప్లికేషన్లలో 191 అన్న వింత సంఖ్య ఎందుకు కనబడుతుందో చాలామంది అడుగుతుంటారు. 191ని 4 తో గుణిస్తే 764 వస్తుంది, అంతకు మించి వేరే రహస్యం లేదు. ఇప్పటి సర్వర్లు రెండింటిలోనూ డిఫాల్టు అయిన డైనమిక్ రో ఫార్మాట్‌లో (వరుసలను డిస్కులో దాచే తీరును రో ఫార్మాట్ అంటారు) ఈ హద్దు 3072, అందువల్ల కొత్తగా సృష్టించిన నా పట్టికలకు సమస్య రాలేదు. సార్ దగ్గరివి ఒకప్పుడు ఒక విద్యార్థి ఈ అప్లికేషన్ పాత విడుదల నుంచి చేత్తో ఎక్కించిన పట్టికలు, వాటిలో కాంపాక్ట్ అని రో ఫార్మాట్‌ను నోరు తెరిచి రాసి ఉంది. అక్షర సముదాయం మార్చే ఆదేశంలోనే రో ఫార్మాట్‌ను కూడా డైనమిక్‌గా మార్చమని చేర్చాక రెండు చోట్లా నడిచింది.

ఈ ప్రయాణంలో, అక్షరాలను పోల్చి క్రమంలో పెట్టే నియమమైన కొలేషన్ పేరు కూడా రాసి తీరాలని నేర్చుకున్నాను. అది రాయకపోతే ప్రతి సర్వర్ తన డిఫాల్టును తగిలిస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 తగిలించే పేరులో 0900 అన్న అంకె ఉంటుంది. దాని నుంచి తీసిన డంప్‌ను (డేటా నకలు ఫైలును) డెబియన్ 12లోని మరియాడీబీలోకి ఎక్కిస్తే, ఈ కొలేషన్ ఎవరో నాకు తెలియదని మొదటి పట్టిక దగ్గరే ఆపేస్తుంది. రెండింటికీ పరిచయమున్న యూటీఎఫ్8ఎంబీ4-యూనికోడ్-సీఐని పట్టికల నమూనా ఉండే స్కీమా ఫైలులో స్పష్టంగా రాసి పెట్టాను.

ఇంతా చేశాక ఇంకొక ప్రశ్న మిగిలింది. అసలు డిపెండ్స్‌లో డేటాబేసు సర్వర్ ఎందుకు ఉండాలి? కాస్త పెద్ద సంస్థల్లో డేటాబేసు వేరే యంత్రంలో ఉంటుంది. అక్కడ ఈ అప్లికేషన్‌ను ఇన్‌స్టాల్ చేస్తే, ఎవరికీ అక్కరలేని ఒక సర్వర్ కూడా దిగి, 3306 మీద చెవి ఒగ్గి కూర్చుంటుంది. అప్లికేషన్ నడవడానికి తప్పనిసరి అయినది పీహెచ్‌పీలోని మైఎస్‌క్యూఎల్ మాడ్యూలు మాత్రమే. సర్వర్ ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. కాబట్టి సర్వర్ వరుసను, ఉంటే మంచిదని మాత్రమే చెప్పే రికమెండ్స్‌కు దించాను. ఆప్ట్ మామూలుగా రికమెండ్స్‌ను కూడా తెస్తుంది కనుక సార్ వంటివారికి తేడా ఉండదు, వద్దనుకునేవారికి వద్దనే స్వేచ్ఛ ఉంటుంది. పట్టికలు సృష్టించడం, యూజర్‌ను చేర్చడం, వెర్షన్ మారినప్పుడు అప్‌గ్రేడ్ స్క్రిప్టులు వరుసగా నడపడం వంటి పనులను నా సొంత షెల్ స్క్రిప్టుల నుంచి తీసి అందుకోసమే ఉన్న డీబీకాన్ఫిగ్-కామన్ అనే డెబియన్ ప్యాకేజీకి అప్పగించాను. దాని పద్ధతి ప్రకారం డిపెండ్స్‌లో డీబీకాన్ఫిగ్-మైఎస్‌క్యూఎల్ పక్కన నిలువు గీత పెట్టి, డీబీకాన్ఫిగ్-నో-థాంక్స్ అని కూడా రాయాలి. మా డేటాబేసు సంగతి మేము చూసుకుంటాం, మీ సాయానికి దండం అని చెప్పదలచిన అడ్మిన్ల కోసం ఆ ప్యాకేజీ నిజంగానే ఉంది. ప్యాకేజీలకు పేరు పెట్టడంలో ఇంత మర్యాద నేనింకెక్కడా చూడలేదు.

ఇంత తలనొప్పి ఎందుకు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే వేరే డేటాబేసుకు మారిపోవచ్చు కదా అని ఆఫీసులో ఒక మిత్రుడు అన్నాడు. డెబియన్‌లో దాని ఏర్పాటు నిజంగా ముచ్చటైనది. ప్యాకేజీ పేరులోనే ప్రధాన వెర్షన్ ఉంటుంది కాబట్టి 13, 15, 17 ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండగలవు. ఒక్కొక్కటి తన క్లస్టర్‌తో, అంటే తన విడి డేటాతో, 5432, 5433 అంటూ తన పోర్టుతో బతుకుతుంది. డెబియన్ 11 నుంచి 12కు వెళ్తే 13 అలాగే ఉండి పక్కన 15 వస్తుంది. డేటాను మనం తీరిక చూసుకొని, అందుకోసమే ఉన్న కమాండ్‌తో తరలించుకోవచ్చు. కానీ మ్యాపుల డేటా కోసం వాడే పోస్ట్‌జీఐఎస్ వంటి ఎక్స్‌టెన్షన్ కావాలంటే దాని ప్యాకేజీ పేరులో కూడా ఆ ప్రధాన వెర్షన్ ఉంటుంది, కాబట్టి ఏ సర్వర్ ఉంటే దానికి తగినది తెమ్మని డిపెండ్స్‌లో చెప్పడం కుదరదు. పైగా 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28 అనే లినక్స్ మూల లైబ్రరీ అక్షర క్రమాన్ని మార్చేసినందువల్ల, డెబియన్ 10కు మారిన చాలామంది పోస్ట్‌గ్రెస్‌లోని టెక్స్టు ఇండెక్సులను తిరిగి కట్టుకోవలసి వచ్చింది. ఏ డిపెండెన్సీ వరుసా దాని గురించి ముందుగా హెచ్చరించలేదు. మా అప్లికేషన్ రచయితకు పోస్ట్‌గ్రెస్ మద్దతు రాసే ఉద్దేశం లేదు, కాబట్టి ఆ చర్చ మాదాపూర్‌లోని క్యాంటీన్ దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు కంట్రోల్ ఫైలులో నేను రాసే ప్రతి నిలువు గీతకూ ఒక పరీక్ష ఉంది. డెబియన్ 12, 13 లలో మరియాడీబీ 10.11, 11.8 తోనూ, ఉబుంటు 22.04, 24.04 లలో మైఎస్‌క్యూఎల్ 8.0 తోనూ ఖాళీ కంటైనర్లు (ఒకే యంత్రంలో విడివిడిగా నడిచే చిన్న వ్యవస్థలు) లేపి, ప్యాకేజీని ఎక్కించి, ఒక సభ్యుడిని చేర్చి, తెలుగు పేరున్న ఒక పుస్తకాన్ని ఇచ్చి, నవ్వు బొమ్మతో అభిప్రాయం రాసి, పుస్తకాన్ని వెనక్కి తీసుకునే చిన్న స్క్రిప్టును ఆటోపీకేజీటెస్ట్ అనే పరీక్షా సాధనం నడుపుతుంది. ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, పూర్తి తొలగింపు తరువాత చెత్త మిగిలిందా లేదా అన్నది ప్యూపార్ట్స్ అనే మరో సాధనం చూస్తుంది. ఐదో పరీక్షను నేనే చేర్చాను: ముందు మైఎస్‌క్యూఎల్‌లో వేరే ఖాతా పట్టిక ఒకటి పెట్టి, ఆ తరువాత నా ప్యాకేజీ ఎక్కించి, ఆ పట్టికలోని వరుసలు అన్నీ అలాగే ఉన్నాయా అని లెక్కపెడుతుంది. మెయింటెనెన్సు వసూళ్లు అని దాని పేరు.

మూడు వారాల తరువాత కొత్త ప్యాకేజీ పంపాను. ఈసారి నేను పక్కన లేను. సార్ ఎన్ మీద వేలు పెట్టుకొని ఫోన్ చేసి, ఆప్ట్ చూపిన చివరి వరుసను ఒక్కొక్క మాటా విడదీసి చదివారు. కొత్తగా వచ్చేవి ఎన్నో చెప్పి, "తీసేసేవి సున్నా అని ఉన్నది. కొట్టనా?" అన్నారు.

"కొట్టండి సార్" అన్నాను.

కీ నొక్కిన చప్పుడు వినిపించింది. కాసేపటి తరువాత, పుస్తకం ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యేలా చేయగలవా, ఇక్కడికి వచ్చేవాళ్లకు చూపు ఆనదు అని అడిగారు. దానికి ప్రింటర్ డ్రైవర్ డిపెండెన్సీ చూడాలి.